బ్యాలెట్ మీద ఒక్క పేరు కోసం ఐదు వేల సంతకాలు

మొదటి రోజు నేను తెచ్చిన సంతకాలు 62. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరుచుకుని, ల్యాప్‌టాప్‌లో ఓటరు జాబితా తెరిచి ఒక్కో పేరూ సరిచూశాను. 19 పోయాయి. ఒకాయన ఇల్లు మారాడు, ఓటు మాత్రం పాత అడ్రస్ మీదే ఉంది. ఒకావిడ తన సంతకంతో పాటు భర్త సంతకం కూడా తనే పెట్టేసింది. నలుగురు పక్క కౌంటీ (మన జిల్లాలాంటిది) వాళ్లు. మిగతావాళ్లు అసలు జాబితాలోనే లేరు. నాలుగు గంటలు ఎండలో నిలబడి తెచ్చుకున్న పేర్ల మీద నా చేత్తో నేనే గీత కొడుతుంటే ఏడుపొచ్చింది.

ఇది 2022 మే నెలాఖరు సంగతి. ఆ ఏడాది నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర గవర్నర్ ఎన్నిక. డెమోక్రాట్ల తరఫున జోష్ షపీరో, రిపబ్లికన్ల తరఫున డగ్ మాస్ట్రియానో అని మే 17 ప్రైమరీలో, అంటే పార్టీలు తమ అభ్యర్థిని ఓటర్ల చేత ఎంపిక చేయించుకునే ఎన్నికలో, తేలిపోయింది. ఆ ఇద్దరూ కాక మూడో పేరు బ్యాలెట్ మీద ఉండాలంటే ఏం చేయాలో ఆ వేసవిలో నేను దగ్గరుండి చూశాను. నేను ఏ చిన్న పార్టీకి పనిచేశానో, మా అభ్యర్థి ఎవరో కావాలనే రాయడం లేదు. ఆ ఏడాది లిబర్టేరియన్, గ్రీన్, కీస్టోన్ పార్టీలు మూడూ దాటాల్సింది ఇదే గుమ్మం. నేను చెప్పాలనుకున్నది ఆ గుమ్మం గురించే.

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ దగ్గర పల్లె. ఫిలడెల్ఫియాకి పడమర వైపున్న ఎక్స్‌టన్‌లో పదిహేనేళ్లుగా ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. 2017లో సిటిజన్‌షిప్ వచ్చింది. రాజకీయాల్లోకి నన్ను లాగింది నీళ్లు. హార్షమ్, వార్మిన్‌స్టర్ వైపు బావుల్లో పీఫాస్ అనే రసాయనం ఉందని 2014 ప్రాంతంలో బయటపడింది. పాత సైనిక విమానాశ్రయాల్లో మంటలు ఆర్పడానికి వాడిన నురగ భూమిలోకి ఇంకి, తాగే నీళ్లలోకి వచ్చింది. అక్కడ ఉండే నా స్నేహితురాలు వంటింట్లో ఫిల్టర్ బిగించుకుని, పసిపిల్లకి పాలపొడి కలపడానికి కూడా సీసా నీళ్లే వాడేది. నాకది చూస్తే మా మేనత్త కాళ్లు గుర్తొచ్చేవి. మా ఊరి బోరు నీళ్లు తాగి తాగి మోకాళ్ల దగ్గర వంకర తిరిగిన కాళ్లు. ఒక సమావేశంలో మా అభ్యర్థి అరగంట సేపు నీళ్ల గురించే మాట్లాడితే విని, బయటికి రాగానే వాలంటీరుగా పేరిచ్చాను. వాళ్లు చేతిలో క్లిప్‌బోర్డు పెట్టారు.

లెక్క ఇది. పెన్సిల్వేనియాలో పెద్ద పార్టీ మనిషి గవర్నర్ ప్రైమరీకి నిలబడాలంటే 2,000 సంతకాలు చాలు. చిన్న పార్టీ మనిషి నేరుగా నవంబరు బ్యాలెట్ ఎక్కాలంటే 5,000 కావాలి. ఒకసారి ఎక్కితే సరిపోదా అంటే సరిపోదు. రాష్ట్రంలో రిజిస్టరైన ఓటర్లలో కనీసం 15 శాతం మంది ఆ పార్టీ పేరు మీద ఉంటే తప్ప, ప్రతి ఎన్నికకీ మళ్లీ మొదటి సంతకం నుంచి మొదలుపెట్టాలి. ఇక్కడ రిజిస్టరైన ఓటర్లు 80 లక్షల పైమాటే. అందులో 15 శాతమంటే ఏ చిన్న పార్టీకీ అందే దూరం కాదు.

ఆ 5,000 కూడా ఊరికే వచ్చింది కాదు. అంతకుముందు ఈ సంఖ్య పాత ఎన్నికలో గెలిచినవాళ్ల ఓట్లను బట్టి మారేది. 2006లో గ్రీన్ పార్టీ తరఫున సెనేట్‌కి నిలబడ్డ కార్ల్ రోమనెల్లికి 67,000 పైగా సంతకాలు కావాల్సి వచ్చింది. ఆయన 90,000 దాటి తెచ్చినా అవతలి వాళ్లు కోర్టుకెక్కి చాలవని తేల్చారు. పేరు తీసేశారు, పైగా అవతలి వాళ్ల ఖర్చుల కింద దాదాపు 80,000 డాలర్లు కట్టమన్నారు. అంతకు రెండేళ్ల ముందు అధ్యక్ష పదవికి నిలబడ్డ రాల్ఫ్ నాదర్‌కి కూడా ఇదే జరిగింది, 81,000 డాలర్ల పైనే. ఆ సంతకాలను వడపోసిన పనిలో కొంత, ప్రజల డబ్బుతో జీతాలు తీసుకునే శాసనసభ సిబ్బంది చేత చేయించారని 2008లో బయటపడి పెద్ద క్రిమినల్ కేసే నడిచింది. ఆ తర్వాత మూడు చిన్న పార్టీలు కలిసి దావా వేస్తే, ఇలా ఖర్చుల భయం పెట్టి అడ్డుకోవడం రాజ్యాంగానికి విరుద్ధమని 2015లో ఫెడరల్ కోర్టు చెప్పింది. తర్వాత వచ్చిన ఆదేశాల్లోనే గవర్నర్‌కి 5,000 అని ఖాయమైంది. మా టీమ్‌లో ఒక పెద్దాయన ఇవన్నీ కళ్లారా చూసినవాడు. "ఐదు వేలు అని రాసి ఉంటే ఎనిమిది వేలు అని చదువుకోండి" అనేవాడు. ఎన్ని గీతలు పడతాయో ఆయనకు తెలుసు.

ఆదివారం మా నాయినకి ఫోన్ చేసి ఈ లెక్క చెప్పాను.

"డిపాజిట్ ఎంత బిడ్డా?"

"డిపాజిట్ లేదు నాయినా. 200 డాలర్లు ఫీజు, అంతే. సంతకాలే కష్టం."

"మనకాడ పది మంది బలపరిస్తే ఇండిపెండెంటుకు నామినేషన్ అయితది గదా. ఐదు వేలా!"

తర్వాత కాసేపు మాట్లాడలేదు. ఆయన ఏం గుర్తు తెచ్చుకుంటున్నాడో నాకు తెలుసు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో ఉన్నారు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఎవరికీ పట్టడం లేదని, దుశర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి పిలుపు మీద జనం వందల కొద్దీ నామినేషన్లు వేశారు. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు. మా ఊళ్లో చందాలు పోగేస్తే నాయిన వంద ఇచ్చాడు. పోలింగే వాయిదా వేయాల్సి వచ్చింది. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. నాయిన ఆ పుస్తకంలో పేజీలు తిప్పి ఓటేసి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. నామినేషన్ వేసినవాళ్లెవరూ గెలుస్తామనుకోలేదు. ఢిల్లీ దాకా తమ పేర్లు అచ్చయి కనబడాలనుకున్నారు. ఆ తర్వాత డిపాజిట్ పెంచారు, ఇండిపెండెంటుకు పది మంది బలపరచాలన్నారు. నల్గొండ నీళ్ల గురించి మాత్రం దేశమంతా రాశారు.

మళ్లీ క్లిప్‌బోర్డు దగ్గరికొస్తాను. ఈ కాగితం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే యుద్ధమంతా దాని మీదే జరుగుతుంది. పైన అభ్యర్థి పేరు, పదవి, పార్టీ. కింద వరుసలు. ఒక్కో వరుసలో సంతకం, అచ్చక్షరాల్లో పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, తేదీ. ఒక కాగితం మీద ఒకే కౌంటీ వాళ్లు ఉండాలి. అందుకని నా సంచిలో చెస్టర్‌కి ఒక కట్ట, మాంట్‌గొమరీకి ఒకటి, డెలవేర్‌కి ఒకటి, ఒక్కోదానికి ఒక్కో రంగు క్లిప్పు. కింగ్ ఆఫ్ ప్రష్యాలో నిలబడితే పది నిమిషాల్లో మూడు క్లిప్పులూ మార్చాల్సి వచ్చేది.

అన్నిటికంటే ఎక్కువ గీతలు కొట్టించింది "ఊరు" అనే గడి. మేముండే చోటుని అందరూ ఎక్స్‌టన్ అంటారు. ఉత్తరాల మీద కూడా అదే. కానీ ఎక్స్‌టన్ అనే మున్సిపాలిటీ లేదు. నేనుండేది వెస్ట్ వైట్‌లాండ్ టౌన్‌షిప్. రోడ్డు దాటితే ఉక్లాన్ టౌన్‌షిప్. ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాళ్లకి కూడా తమది ఏ టౌన్‌షిప్పో తెలియదు. "మీరు ఓటెక్కడ వేస్తారు?" అని అడిగి, పోలింగ్ బూత్‌ని బట్టి చెప్పేదాన్ని. రెండో వారానికి ఏ కాలనీ ఏ టౌన్‌షిప్‌లోకి వస్తుందో నాకు కంఠతా వచ్చేసింది.

మా పెద్దాయన మొదట్లోనే ఒక మాట నేర్పాడు, అదే చివరిదాకా కాపాడింది: "సంతకం ఓటు కాదు." మీరు మా అభ్యర్థికి ఓటెయ్యక్కర్లేదు, మీది ఏ పార్టీ అయినా ఫరవాలేదు, ఈ పేరు బ్యాలెట్ మీద ఉండొచ్చు అని మాత్రం ఒప్పుకుంటున్నారు, అంతే. వెస్ట్ చెస్టర్‌లో శనివారం కూరగాయల మార్కెట్ బయట ఈ మాటే వందలసార్లు చెప్పాను. రిపబ్లికన్ టోపీ పెట్టుకున్న ఒక తాత "నేను ఛస్తే వీళ్లకి ఓటెయ్యను, కానీ ఉండనీ" అని సంతకం పెట్టి వెళ్లాడు. అలాంటి వాళ్ల మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

మనవాళ్ల దగ్గర మాత్రం అనుభవం వేరు. తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నారు కదా, ఒక వారాంతంలో వంద సంతకాలు వస్తాయనుకున్నాను. ఒక గుడి బయట పార్కింగ్‌లో నిలబడితే కమిటీ ఆయన వచ్చి, "ఇక్కడ వద్దమ్మా, మనది పన్ను మినహాయింపు ఉన్న సంస్థ, రాజకీయం కనబడకూడదు" అన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే, వచ్చేశాను. తర్వాత స్నేహితుల ఇళ్లలో పుట్టినరోజులకి, పార్కులో వనభోజనానికి క్లిప్‌బోర్డు పట్టుకెళ్లాను. పది మందిని అడిగితే ఏడుగురు "మాది ఇంకా హెచ్-వన్", "మేము గ్రీన్ కార్డే" అన్నారు. పన్నులు కడతారు, ఇళ్లు కొన్నారు, పిల్లలు ఇక్కడే పుట్టారు. కానీ ఈ కాగితం మీద వాళ్ల పేరుకి చోటు లేదు.

ఒక సాయంత్రం నాకు చాలా భయం వేసింది. గ్రీన్ కార్డు మీదున్న ఒక అంకుల్, నీళ్ల సంగతి విని ఉత్సాహంగా పెన్ను తీసుకుని అప్పటికే పేరు రాసేస్తున్నారు. "అంకుల్, సిటిజన్‌షిప్ వచ్చిందా?" అని అడిగాను. "వచ్చే ఏడాది అప్లై చేస్తానమ్మా, ఇదేమన్నా ఓటా?" అన్నారు. ఓటు కాదు. కానీ ఓటరునని చెప్పి సంతకం పెట్టే కాగితం అది. రేపు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో ఈ వరుస ఆయన ముందుకొస్తే? ఆయన చేతిలోంచి పెన్ను తీసేసుకున్నాను. సగం రాసిన పేరు మీద గీత కొట్టాను. ఆయనకి చిన్నతనంగా అనిపించినట్టుంది, కాసేపు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆంటీ వచ్చి టీ కప్పు చేతికిస్తూ "మంచి పని చేశావు" అంది. సంతకాలు సేకరించే మన వాళ్లకి నేను చెప్పే మొదటి జాగ్రత్త ఇదే: పెన్ను ఇచ్చే ముందే అడగండి.

ఆ వనభోజనంలోనే గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఏంటమ్మాయ్, ఆ కాగితం?" అన్నారు. చెప్పాను. కళ్లజోడు సర్దుకుని పైనుంచి కింది దాకా చదివించుకున్నారు. "నాకు ఓటుంది. మావాడే రాయించాడు. ఇటివ్వు." అచ్చక్షరాల్లో పేరు నెమ్మదిగా ఇంగ్లీషులో రాశారు. సంతకం దగ్గరికి వచ్చేసరికి తెలుగులో పెట్టారు. గుండ్రటి అక్షరాలు, చివర "మ్మ" కింద పొడుగ్గా ఒక గీత. నాకు టెన్షన్ పట్టుకుంది, ఇది చెల్లుతుందా అని. "పెద్దమ్మా, ఓటుకి రాయించినప్పుడు సంతకం ఎలా పెట్టారు?" అన్నాను. "నాకున్నది ఒకటే సంతకం కదమ్మా" అన్నారు. రిజిస్ట్రేషన్‌లో ఉన్నదీ తెలుగే. ఆ వరుసని మేం ఉంచేశాం. నేను సేకరించిన 740లో నేను మర్చిపోలేని వరుస అది.

గొడవలు కూడా అయ్యాయి. జూలైలో ఒక రైల్వే స్టేషన్ దగ్గర పెద్ద పార్టీ కార్యకర్త ఒకాయన నా పక్కనే నిలబడి, నా దగ్గరికి వచ్చేవాళ్లందరితో "ఈమె ఓట్లు చీల్చడానికి వచ్చింది, సంతకం పెట్టకండి" అని గంటసేపు అన్నాడు. ఓట్లు చీల్చడం అనే మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే, మన దగ్గర కూడా కొత్త పార్టీ వచ్చినప్పుడల్లా అదే అంటారు. 2016లో ఏమైందో చూడండి అని ఆయన ఎత్తిన అంకె అబద్ధం కాదు. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికలో పెన్సిల్వేనియాలో ట్రంప్ ఆధిక్యం 44,292 ఓట్లు. గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కి వచ్చినవి 49,000 పైన. ఆ రాత్రి నేను సరిగా నిద్రపోలేదు. కానీ ఆ 49,000 మందీ వేరొకరి సొత్తు అని అనుకోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. అదే ఏడాది లిబర్టేరియన్ గ్యారీ జాన్సన్‌కి అంతకు మూడింతలు దాదాపు వచ్చాయి, ఆ లెక్క ఎవరూ ఎత్తరు. చీలిక నిజంగా బెంగ అయితే, మెయిన్, అలాస్కా రాష్ట్రాల్లోలాగా ఓటరు ఒకటి, రెండు, మూడు అని వరుసగా రాసే పద్ధతి పెట్టొచ్చు. పేరే లేకుండా చేయడం దానికి మందు కాదు.

గడువు ఆగస్టు 1, సోమవారం. ముందు రెండు రాత్రులు పదిమందిమి ఒక ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని కౌంటీల వారీగా పేర్చాం. ప్రతి కాగితం కింద సేకరించినవాళ్లు రాసి సంతకం పెట్టాల్సిన ప్రకటన ఒకటుంటుంది: వీళ్లు తెలిసే సంతకం పెట్టారు, ఈ కౌంటీ వాళ్లే, నాకు తెలిసినంతలో ఇవి నిజం అని. అది అబద్ధమైతే శిక్ష ఉంటుంది. నా 740లో గీతలు పోగా 586 మిగిలాయి. కాగితాలకి వరుసగా నంబర్లు వేశాం. మా పెద్దాయన మాత్రం సంతకాల జోలికి రాలేదు. అభ్యర్థుల అఫిడవిట్లు, ఆస్తుల ప్రకటన, 200 డాలర్ల మనీ ఆర్డరు మళ్లీ మళ్లీ తీసి చూశాడు. 2020లో గ్రీన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి పేరు ఈ రాష్ట్ర బ్యాలెట్ మీద లేకుండా పోయింది సంతకాలు తక్కువై కాదు, ఒక అఫిడవిట్ అసలుది కాకుండా ఫ్యాక్స్‌లో పంపినందుకు. రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లాక ఆ పేరు తీసేశారు.

సోమవారం సెలవు పెట్టి నేనూ రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్ వెళ్లాను. నార్త్ ఆఫీస్ బిల్డింగ్‌లో కౌంటర్ దగ్గర పెట్టెలు దించాం. కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి రబ్బరు వేలితొడుగు వేసుకుని పేజీలు తిప్పుతుంటే, ఆ శబ్దానికి నా గుండె కొట్టుకుంది. అన్నీ చూసి రసీదు ఇచ్చింది. బయటికొచ్చి క్యాపిటల్ మెట్ల మీద కూర్చున్నాం. ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు, అందరికీ ఆకలిగా ఉంది.

అప్పటికీ అయిపోయినట్టు కాదు. అభ్యంతరం చెప్పడానికి ఎవరికైనా వారం రోజుల టైముంటుంది. ఆ వారం ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేదాన్ని. ఆఫీసులో మీటింగ్ మధ్యలో కూడా ఈమెయిల్ చూసుకునేదాన్ని. ఎనిమిదో తేదీ సాయంత్రం ఐదు దాటాక పెద్దాయన నుంచి మెసేజ్ వచ్చింది: "ఎవరూ రాలేదు. మనం ఉన్నాం."

నవంబరు 8న ఎప్పటిలాగే మా బూత్‌కి వెళ్లాను. చెస్టర్ కౌంటీలో పెన్నుతో గుండ్రాలు నింపే కాగితం బ్యాలెట్. గవర్నర్ గడిలో గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ కలిపి ఐదు జతల పేర్లు. మా పేరు మీద వేలు పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాను. వెనక క్యూ ఉందని గుర్తొచ్చి గుండ్రం నింపాను. షపీరో గారు 56 శాతం పైగా ఓట్లతో గెలిచారు. మూడు చిన్న పార్టీలకీ కలిపి రెండు శాతం లోపే.

రాత్రి నాయినకి ఫోన్ చేస్తే గెలుపోటముల గురించి అడగలేదు.

"పేపరు ఎన్ని పేజీలుంది బిడ్డా?"

"ఒక్కటే కాగితం నాయినా. గవర్నర్‌కి ఐదుగురు."

"ఐదుగురేనా," అన్నాడు. "మీ పెద్దమ్మ సంతకం ఉన్న కాగితం మాత్రం అండ్లనే ఉంటది గదా, ఆ ఆఫీసుల?"

ఉంటుందన్నాను.